రంగు కోసం కొండను తొలిచినవారు

ఎస్వతీనీ రాజధాని ఎంబబానె నుంచి దక్షిణాఫ్రికా సరిహద్దుకు పోయే రహదారి మీద, వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే, పడుకున్న మొసలిలాంటి పొడవాటి కొండ ఒకటి ఎదురవుతుంది. దాని పేరు న్గ్వెన్యా. స్వాతి భాషలో ఆ మాటకు మొసలి అనే అర్థం. 1,829 మీటర్ల ఎత్తుతో అది ఆ దేశంలోని పర్వతాల్లో రెండోది. 2018 దాకా స్వాజిలాండ్ అని పిలుచుకున్న ఈ చిన్న దేశంలో, ఈ కొండ కొమ్ము మీద, మనిషి తవ్వినట్టు ఇప్పటివరకూ తెలిసిన గనులన్నింటిలోకీ అతి పాతవాటిలో ఒకటి ఉంది. అక్కడ తవ్వింది బంగారమో రాగో కాదు, ఎర్ర కావిరాయి. ఆ గనిని చూడాలన్న కోరిక నాకు చాలా ఏళ్లుగా ఉండేది. ఆకలి తీర్చని, చలి కాయని ఒక రంగు కోసం, లోహమంటే ఏమిటో తెలియని మనుషులు కొండను ఎందుకు తొలిచారో ఆ చోట నిలబడి ఆలోచించాలనిపించేది.

కొండ ఇప్పుడు మలొలోట్జా అభయారణ్యం పరిధిలో ఉంది. గని దగ్గరికి గైడ్‌ను వెంటబెట్టుకునే వెళ్లాలి. అయితే దారిలో ముందుగా కనిపించేది ప్రాచీన గని కాదు, నిన్నమొన్నటి ఇనుప గని. మెట్లు మెట్లుగా కోసిన ఎర్రటి గోడలు, అడుగున కదలకుండా నిలిచిన నీళ్లు, పక్కన గుట్టలుగా పోసిన మన్ను చూసినప్పుడు, వెతుక్కుంటూ వచ్చినది ఈ గొయ్యిలోనే కలిసిపోయిందేమో అని మనసు ఒక్క క్షణం బెదురుతుంది. ఆ గొయ్యిని పక్కకు వదిలి, మోకాలి ఎత్తు గడ్డిలోంచి, మాట వినపడనీయని గాలికి ఎదురు నడుస్తూ పైకి ఎక్కాలి. ఆ కొండ వరుసను బొమ్వు రిడ్జ్ అంటారు. జులూ భాషలో బొమ్వు అంటే ఎరుపు. కొండకు పేరు పెట్టిన వాళ్లకు అక్కడి మట్టి రంగే ముందు కనిపించి ఉంటుంది. దాని ఒక శిఖరం లయన్ పీక్, ఆ శిఖరం కింద నిట్టనిలువు చరియలో ఉన్నదే ఆ ప్రాచీన గని, లయన్ క్యావర్న్.

పేరులో గుహ అన్న మాట ఉంది కాని ఇది నీరు కోసిందీ కాదు, కొండ విరిగి ఏర్పడిందీ కాదు. మనుషులు రాతిని కొట్టి, రాల్చి, మోసుకుపోగా మిగిలిన ఖాళీ ఇది. గని అనగానే మన కళ్లకు కట్టే సొరంగాలు, దుంగల ఊతాలు, దీపాలు ఇక్కడ లేవు. చరియలోకి చొచ్చుకుపోయిన ఒక పెద్ద గూడు మాత్రం ఉంది. ముఖద్వారం దగ్గర వెలుతురు పడే చోట గోడ ఎర్రగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ బూడిద రంగు కలిసిన నలుపులోకి దిగి, తల కొంచెం పక్కకు తిప్పితే చాలు, గోడంతా సన్నటి తళుకుతో మెరుస్తుంది.

గైడ్ నేల మీది నుంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టారు. కోడిగుడ్డంత ఉందేమో, ఆ పరిమాణంలో మామూలు రాయికి ఉండాల్సిన దానికంటే స్పష్టంగా ఎక్కువ బరువు తూగింది. పైకి ముదురు బూడిద రంగు. బొటనవేలితో రుద్దితే అభ్రకపు రేకుల్లాంటి సన్నటి పొలుసులు రాలి, వేళ్లకు నూనె పూసినట్టు జారుడు తగిలింది. దాన్ని పక్కనున్న బండ మీద గట్టిగా గీస్తే పడిన గీత మాత్రం బూడిద రంగులో లేదు, ఎండిన నెత్తురులా ఎర్రగా ఉంది. ఖనిజ శాస్త్రం చదివే విద్యార్థులు మొదట నేర్చుకునే పరీక్షల్లో ఇదొకటి: హెమటైట్ అనే ఇనుప ఖనిజం పైకి నల్లగా ఉన్నా, వెండిలా మెరిసినా, దాని గీత మాత్రం ఎరుపే. నా చేతిలో ఉన్నది హెమటైట్‌లోనే మెరిసే రకం, దాన్ని స్పెక్యులరైట్ అంటారు. పైన తళుకు, లోపల ఎరుపు. రెండూ ఒకే రాతిలో ఉన్నాయన్న సంగతిని మొదట కనిపెట్టిన మనిషి కూడా ఇలాగే ఒక బండ మీద గీసి చూసి ఉంటాడు, లేదా ఉంటుంది.

ఈ రాయి మనకు కొత్తది కాదు. కావి అన్నా, జేగురు అన్నా, సంస్కృతం కలిపి గైరికం అన్నా, తెలంగాణ పల్లెల్లో జాజు అన్నా అన్నీ ఈ కుటుంబానివే. పండుగ ముందు రోజు జాజు నానబెట్టి, గుడ్డ ముంచి, గోడ అడుగున పట్టీలా అలికి, ఆరాక దాని మీద సున్నంతో చుక్కలు పెట్టడం చూసిన వాళ్లకు దాని ఎరుపు ఎంత మొండిదో చెప్పక్కర్లేదు. వానకు సున్నం పోయినా జాజు మిగులుతుంది. ఆ మొండితనానికి కారణం రసాయనంలో ఉంది. చెట్ల నుంచి తీసే రంగుల అణువులు ఎండకు విరిగిపోతాయి. కావిలోని ఎరుపు ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్. ఇనుము అప్పటికే పట్టాల్సినంత తుప్పు పట్టి ఉంటుంది కనుక, ఎండకూ గాలికీ వానకూ దాన్ని ఇంకా మార్చడానికి ఏమీ మిగలదు. పసుపు కావిలో ఉండే గోథైట్‌లో నీటి అంశ కలిసి ఉంటుంది. దాన్ని 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే ఆ నీరు ఎగిరిపోయి, రాయి హెమటైట్‌గా మారి ఎరుపెక్కుతుంది. మామూలు వంట నిప్పు కింద పాతిపెట్టినా ఆ వేడి అందుతుంది. న్గ్వెన్యాలో తవ్విన వారికి ఆ కష్టం కూడా లేదు, కొండే ఎర్రగా ఉంది.

కొండ అంత ఎర్రగా ఎందుకు ఉందో తెలుసుకోవాలంటే 300 కోట్ల ఏళ్లకు మించి వెనక్కి పోవాలి. ఈ పర్వతాలు సరిహద్దుకు అవతల దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ కొండలకు కొనసాగింపు. భూమి మీద ఇంత పాత రాళ్లు ఇంత చెడిపోకుండా మిగిలిన చోట్లు చాలా తక్కువ. ఆ కాలపు సముద్రాల నీటిలో ఇనుము కరిగి ఉండేది. అది ఆక్సీకరణం చెంది అడుగుకు దిగినప్పుడు ఒక పొర, ఆ పైన సిలికా పొర, మళ్లీ ఇనుము, ఇలా పుస్తకపు పుటల్లా పేరుకుని గట్టిపడిన శిలలను పట్టీల ఇనుప శిలలు అంటారు. తర్వాతి యుగాల్లో నీరు ఊరి సిలికాను కడిగేసిన చోట్ల ఇనుము సాంద్రత పెరిగి, రాయి మెత్తబడింది. ఆ మెత్తదనం కారణంగానే రాతి పనిముట్లు మాత్రమే ఉన్న మనుషులు దీన్ని తవ్వగలిగారు.

లయన్ క్యావర్న్ కథ లోకానికి తెలిసింది 1960లలో, పెద్ద యంత్రాలు ఈ కొండకు చేరుకున్న రోజుల్లోనే. 1924లో దక్షిణాఫ్రికాలోని టౌంగ్‌లో దొరికిన పిల్ల పుర్రెను మానవ పూర్వీకుల వరుసలో చేర్చి చూపిన శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ ప్రోత్సాహంతో, ఏడ్రియన్ బోషియర్, పురావస్తు శాస్త్రవేత్త పీటర్ బోమాంట్ ఇక్కడి పాత తవ్వకాలను పరిశీలించారు. బోషియర్ విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందిన పురావస్తు శాస్త్రవేత్త కాదు. ఆఫ్రికా పల్లెల్లో కాలినడకన తిరిగి, అక్కడి వారితో కలిసి బతికి, వారి నుంచి నేర్చుకున్న మనిషి. ఏ కొండలో పాత తవ్వకాలున్నాయో ఊరివాళ్లకు తెలుసునని నమ్మి, వారిని అడిగే అలవాటు ఆయనకు ఉండేది. ఆ అలవాటు ఈ శాస్త్రానికి చేసిన మేలు చిన్నది కాదని నా అభిప్రాయం. గని నేల మీద పేరుకున్న మట్టిలో రాతి సమ్మెటలు, రాతిని పెకలించే పనిముట్లు, వాటి మధ్య బొగ్గు ముక్కలు దొరికాయి. ఆ బొగ్గును రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే వచ్చిన వయసు దాదాపు 43,000 ఏళ్లు. గనుల తవ్వకమంటే లోహయుగంలో మొదలైన పని అని అనుకుంటున్న రోజుల్లో ఆ అంకె చాలామందికి నమ్మశక్యం కాలేదు.

అనుమానానికి ఒక న్యాయమైన కారణం కూడా ఉంది. బొగ్గులోని రేడియోకార్బన్ 5,730 ఏళ్లకొకసారి సగానికి సగం తరిగిపోతుంది. 43,000 ఏళ్లంటే అలా ఏడున్నర సార్లు సగం కావడం. అంటే మొదట ఉన్నదానిలో మిగిలేది నూటికి అర పాలు పైచిలుకు మాత్రమే. అంత కొంచెంలో ఒక వేరు ముక్కో, కొత్త మట్టిలోని కార్బనో రవ్వంత కలిసినా లెక్క వేల ఏళ్లు ఇటు జరిగిపోతుంది. ఈ పద్ధతి దాని హద్దు దగ్గర తడబడుతుందన్నమాట. అందుకని ఇటీవలి పరిశోధకులు బొగ్గును పక్కన పెట్టి ఇసుకను అడిగారు. క్వార్ట్‌జ్ రేణువు మట్టిలో కప్పబడి చీకట్లో ఉన్నంతకాలం, చుట్టుపక్కల రాళ్లలోని సహజ రేడియోధార్మికత వల్ల దాని స్ఫటికపు లోపాల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుంటూ పోతాయి. ఎండ తగిలితే అవి విడుదలై, లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. చీకట్లోనే రేణువును సేకరించి, ప్రయోగశాలలో దాని మీద వెలుతురు వేసి, అది విడుదల చేసే సన్నటి కాంతిని కొలిస్తే, చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో చెప్పవచ్చు. 2024లో బ్రాండీ మెక్‌డొనాల్డ్, ఎలిజబెత్ వెలికీ తదితరులు ప్రచురించిన అధ్యయనంలో ఈ పద్ధతి లయన్ క్యావర్న్ వయసును సుమారు 48,000 ఏళ్లుగా చూపింది. పాత లెక్క తప్పు కాలేదు, ఇంకాస్త వెనక్కి జరిగింది. కావిరాయిని పట్టుబట్టి పెద్ద ఎత్తున తవ్వినట్టు ప్రపంచంలో ఇంతకంటే పాత ఆధారం ఇప్పటికి లేదు.

తవ్వడానికి వాడింది ఎక్కువగా డోలరైట్ రాయి. అది గట్టిది, బరువైనది, దెబ్బకు పగలనిది. మెత్తటి ఖనిజంలోకి దాన్ని పదే పదే దించి, రాలినదాన్ని ఏరుకున్నారు. ఈ ఒక్క గూటి నుంచి కనీసం 1,200 టన్నుల మెత్తటి హెమటైట్ బయటికి పోయి ఉంటుందని డార్ట్, బోమాంట్ అంచనా వేశారు. అంకె పెద్దదే, అయినా దాన్ని చూసి వందలాది మంది కూలీలను ఊహించుకోవడం సరి కాదు. ఒక మనిషి 20 కిలోల మూట మోస్తాడనుకుంటే 1,200 టన్నులు 60,000 మోతలవుతాయి. వెయ్యేళ్లకు పంచినా ఏడాదికి 60 మోతలు. పైగా ఇక్కడ తవ్వకం ఒకే కాలంలో జరిగింది కాదు. రాతియుగం తర్వాత కూడా, దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు ప్రాచీన వేటజీవులైన సాన్ ప్రజల పూర్వీకులూ ఆ తర్వాత వచ్చినవారూ ఈ రంగు కోసం వస్తూనే ఉన్నారు. ఒక చిన్న గుంపు ఏడాదిలో కొన్నాళ్లు ఇక్కడికి చేరి, కావలసినంత తవ్వుకుని, దిగి వెళ్లిపోయే దృశ్యమే ఈ అంకెకు అమరుతుంది. నన్ను కదిలించేది టన్నుల లెక్క కాదు. అదే చోటికి, అదే రాతి కోసం, తరం తర్వాత తరం రావడం. దారి చెప్పేవారు, ఏ పొర మంచిదో చూపేవారు, ఏ దెబ్బకు చరియ కూలుతుందో హెచ్చరించేవారు ఉంటే తప్ప అది సాధ్యపడదు.

ఇంతకీ వారికి ఈ రాయి ఎందుకు? దీని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఒక పక్షం వారు వాడకాన్ని చూపుతారు. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో దొరికిన పనిముట్ల మీద జిగురుతో కలిసిన కావి మరకలున్నాయి. తుమ్మజాతి చెట్ల బంకను ఒక్కదాన్నే వాడితే ఆరాక పెళుసై విరుగుతుందనీ, కావిపొడి కలిపితే పట్టు నిలుస్తుందనీ పురావస్తు శాస్త్రవేత్త లిన్ వాడ్లీ స్వయంగా చేసి చూశారు. కావి పూసుకుంటే ఎండ తాకిడి తగ్గుతుందని ప్రయోగాలున్నాయి. తోళ్లు చెడకుండా కాపాడటానికి వాడారన్న వాదమూ ఉంది. మరో పక్షం వారు అలంకారాన్నీ సంకేతాన్నీ చూపుతారు. దక్షిణాఫ్రికాలోనే ఉన్న బ్లోంబోస్ గుహలో దొరికిన సుమారు 1,00,000 ఏళ్ల నాటి సామగ్రి వారి వాదానికి బలం. అబలోనే అనే సముద్రపు నత్త చిప్పలో కావిపొడి, నలిపిన ఎముక, బొగ్గు, ఏదో ద్రవం కలిపి చిలికిన గుర్తులున్నాయి. పక్కనే నూరిన రాళ్లున్నాయి. అది వంటగది పెట్టెలా, ఒక పని పూర్తి చేసి పక్కన పెట్టినట్టుగా ఉంది.

రెండు పక్షాల్లోనూ నిజముంది. పసుపును కూరలో వేసి, గడపకు రాసి, గాయానికి పెట్టే మనకు ఒకే పదార్థానికి పది ఉపయోగాలు ఉండటం వింత కాదు. అయితే లయన్ క్యావర్న్ ముందు నిలబడితే నా మొగ్గు ఒకవైపుకు స్పష్టంగా పోతుంది. బంకలో కలపడానికైతే ఎక్కడి ఎర్రమన్నైనా సరిపోతుంది, కొండ కింద వాగు ఒడ్డున దొరికేది చాలు. నిట్టనిలువు చరియ అంచున ప్రాణాలకు తెగించి, మెరిసే స్పెక్యులరైట్ ఎక్కువగా ఉన్న చోటును ఎంచుకుని అక్కడే తవ్వారంటే, ఆ ఎంపికలో కంటికి పెద్ద వాటా ఉంది. దీనికి తర్వాతి కాలం నుంచి ఒక సాక్ష్యం కూడా ఉంది. దక్షిణాఫ్రికాలోని త్స్వానా ప్రజలు ఇదే మెరిసే రాతిని సెబిలో అని పిలిచి, నూరి, కొవ్వులో కలిపి తలకు పట్టించేవారు. 19వ శతాబ్దపు తొలినాళ్లలో అక్కడికి వెళ్లిన యూరోపియన్ యాత్రికులు ఎండలో మెరిసిపోయే ఆ తలలను చూసి రాసుకున్నారు. నమీబియాలోని హింబా స్త్రీలు నేటికీ వెన్నలో కావి కలిపిన ఒట్జిజెను ఒంటికీ జడలకూ రాసుకుంటారు. 48,000 ఏళ్ల కిందటివారు సరిగ్గా అలాగే చేశారని వీటిని బట్టి తేల్చలేం. కానీ తళుకు కోసం దూరం నడవడం ఆ నేలలో పాత అలవాటేనని మాత్రం అనవచ్చు.

2024 అధ్యయనంలో నాకు అన్నింటికంటే నచ్చిన భాగం గని వయసు కాదు, రాయి నడిచిన దారులు. ఎస్వతీనీలోని వేర్వేరు రాతియుగపు స్థలాల్లో దొరికిన కావి ముక్కలను, కావి దొరికే కొండల నమూనాలను కలిపి 173 పరీక్షించారు. అణు రియాక్టర్‌లో న్యూట్రాన్లతో తాకిస్తే నమూనాలోని మూలకాలు తాత్కాలికంగా రేడియోధార్మికం అయి, ఒక్కొక్కటీ తనకే ప్రత్యేకమైన గామా కిరణాలు విడుదల చేస్తుంది. పది లక్షల్లో ఒకటి రెండు పాళ్లున్న మూలకం కూడా ఇలా పట్టుబడుతుంది. ఇనుము అన్ని కొండల్లోనూ ఉన్నా, దాంతో పాటు ఉండే ఆ చిల్లర మూలకాల కూర్పు కొండకొక తీరుగా ఉంటుంది. అందువల్ల గుహలో దొరికిన ముక్కను దాని పుట్టింటికి జత చేయడం వీలైంది. తేలిందేమంటే, ఆ మనుషులు దగ్గర దొరికే కావినీ వాడారు, దూరం నుంచి తెచ్చిన దాన్నీ వాడారు, పైగా ఈ పద్ధతులు వేల ఏళ్లు కొనసాగాయి. కాలికి తగిలిన రాయితో సరిపెట్టుకున్న వారు కాదు. ఎక్కడిది ఎలాంటిదో తెలిసి, కోరి తెచ్చుకున్న వారు.

కావి కోసం తవ్వడం ఆఫ్రికాతో ఆగలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని విల్గీ మియా గని అక్కడి ఆదివాసులైన వజారీ ప్రజలకు నేటికీ పవిత్రం. మెక్సికోలోని యుకటాన్‌లో, ఇప్పుడు సముద్రమట్టం పెరిగి నీట మునిగిన గుహల్లో 10,000 ఏళ్లు దాటిన కావి తవ్వకాలు ఈతగాళ్లకు దొరికాయి. మన దగ్గర, కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద పొర దొరికిన తవ్వకాల్లోనే, అరగదీసిన పలకలూ గీతలూ ఉన్న ఒక ఎర్ర కావిరాయి ముక్క బయటపడింది. అది గని కాదు, ఒక్క ముక్క మాత్రమే. అయినా దాని మీది గీతలు మాత్రం లయన్ క్యావర్న్ నేల మీద నా చేతిలోని రాయి బండ మీద గీసిన గీతకు దూరపు చుట్టాలు.

ఇదే కొండకు క్రీ.శ. 400 ప్రాంతంలో మరో రకం మనుషులు వచ్చారు. బంటు భాషలు మాట్లాడే ఆ పశుపాలకులకు ఇనుము కరిగించడం తెలుసు. రంగు అయిన రాయే వారి చేతిలో గొడ్డలి, పార అయింది. ఆ తర్వాత 1964లో ఆధునిక గని మొదలైంది. ఖనిజాన్ని మోయడానికి మొజాంబిక్ వైపు రైలు మార్గం వేశారు, అక్కడి రేవు నుంచి ఓడల్లో జపాన్‌కు పంపారు. పదమూడు పధ్నాలుగేళ్లలో సుమారు 2 కోట్ల టన్నులు కొండను వదిలి వెళ్లాయి. చేతులతో వేల ఏళ్లు తవ్విన 1,200 టన్నుల పక్కన ఆ అంకెను పెట్టి చూస్తే, ఈ గూడు మిగలడమే అదృష్టమనిపిస్తుంది. 2011లో మన దేశానికే చెందిన ఒక సంస్థ పాత గుట్టల్లో మిగిలిన ఖనిజాన్ని మళ్లీ తీయడం మొదలుపెట్టినప్పుడు, ప్రాచీన గని భద్రత మీద అక్కడివారు గట్టిగానే ఆందోళన తెలిపారు. 2014లో ఆ పని ఆగిపోయింది. న్గ్వెన్యా గనులు 2008 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. ప్రపంచ వారసత్వ స్థలాల అసలు జాబితాలోకి ఇంకా ఎక్కలేదు. నా మట్టుకు అది త్వరగా జరగాలని కోరుకుంటాను. గుహను కాపాడితే చాలదు, దాని చుట్టూ ఇంకా ఎవరూ తవ్వి చూడని మట్టి పొరలను కూడా కాపాడాలి. ఇసుక రేణువు తన వయసు చెప్పగలిగేది దాన్ని ఎవరూ ఎండలోకి తిరగేయనంతవరకే.

సాయంత్రం కావస్తుండగా కిందికి బయలుదేరాం. ఈ కొండ నుంచి చిన్న రాయి కూడా తీసుకుపోకూడదు కనుక, నా చేతిలోని ముక్కను గైడ్ తీసుకుని అది ఉన్న చోటే తిరిగి పెట్టారు. కింద కార్యాలయం దగ్గర కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను. నీళ్లు ఎర్రగా పోయాయి. వేలిముద్రల గీతల్లో ఇరుక్కున్న తళుకు మాత్రం సబ్బుకు కూడా లొంగక, సరిహద్దు దగ్గర పాస్‌పోర్టు అందించేటప్పుడు కూడా అలాగే మెరుస్తోంది.